గ్రంథసూచులును నామభేదములును

జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధస్తూపమును జేమ్సు బర్జెస్సు 1882లోఁ బరిశోధించి, 1887లో అమరావతీ జగ్గయ్యపేట స్తూపములఁ గూర్చిన గ్రంథమును వెలువరించెను. అచటి ప్రాకృతశాసనములను బ్యూలరుపండితుఁడు 1882లోనే ఇండియన్ యాంటిక్వరీ పత్రికయందుఁ బ్రకటించెను. ఈ రెండును నేఁడు వెల లేకయే అంతర్జాలమున లభించుచున్నవి. అయినను నందిగామ బడిపండితుఁ డొకఁడు వానిని వెదకఁబూనెనేని దొరకునను నమ్మకము లేదు.

అడ్డము పేరులలో నున్నది. శాసనమున స్తూపగ్రామము వెలగిరి. ఆ మహాచేతియపుఁ దూర్పువాకిట నైదు ఆయకస్తంభములను నిలిపిన శిల్పి సిధథుఁడు. రాజు విరిపురిసదతుఁడు కాఁడు, విరపురిసదతుఁడు. చరిత్రకారులు దానిని సంస్కృతీకరించి వీరపురుషదత్తుఁ డని వ్రాయుదురు. ఊరు పూర్వము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన తండ్రి పేర జగ్గయ్యపేట యనెను. బర్జెస్సు గ్రంథనామమున “కృష్ణాజిల్లా” యని యున్నది. ఆ ప్రాంతము 2022లో ఎన్టీఆర్ జిల్లాలోఁ జేరినది. ఒక్క వస్తువునకు నిన్ని పేరులు! నందిగామ విషయము విపరీతము: రంగారెడ్డి జిల్లాలో నొక నందిగామ, శ్రీకాకుళమున నొక నందిగాము. అమరసింహుఁడు పర్యాయపదములతోఁ దనివినొందక నానార్థవర్గమును గూడఁ గూర్చెను. నేఁటి సూచీకర్తలలోఁ బెక్కండ్రకు నా యక్కఱ తోఁచకుండుట వింత.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలఁది తెలుఁగుపుస్తకములకు ఛాయాప్రతులు తీయించి గొప్పమేలు చేసెను. కాని యా పట్టికలోఁ బేరులు గుర్తులు లేని రోమనులిపి కెక్కెను. ఆ లిపిలోఁ గల, కళ, కాల యను మూఁడును నొక్కటే. తకారటకారములకు భేదము లేదు. వైయాకరణులు కనఁబడమినే లోప మందురు. భాండాగారమున నుండియుఁ గనఁబడని పుస్తకమునకు వేఱు పేరేమి?

2025 జనవరిలో మొదలైన “ఒకే దేశము, ఒకే చందా” పథకము సుమారు 13,000 పత్రికలను బ్రభుత్వోన్నతవిద్యాసంస్థలకుఁ దెఱచినది. బడిపండితుఁ డందుఁ జేరఁడు. అతనికి దిక్కు 2022లో వెలసిన ఓపెన్ ఆలెక్స్, వికీడేటా మొదలగు స్వేచ్ఛాసూచులు. ఇవియు దోషరహితములు గావు. తెలుఁగుపత్రికల వ్యాసము లనేకము వీనికెక్కనే లేదు. అయినను వికీడేటాలో నొక్క వస్తువునకుఁ దెలుఁగున నెన్ని నామాంతరములైనఁ జేర్ప నెవ్వరికైన వీలు గలదు. వెలకిచ్చు సూచులలో నట్టి సవరణకు యజమానుల యనుగ్రహము కావలయును. వెలగిరిని, బేతవోలును, జగ్గయ్యపేటను నొక్కచోటఁ గూర్చుటకు శాసనభాషయు నూరి సంగతియు నెఱిఁగినవారు గావలెను. అట్టివారు కొందఱు జగ్గయ్యపేట, నందిగామ బడులలోనే యుందురు.