విన్నది తిరిగి చెప్పాలి

ఆదిలాబాద్‌కు విమానాశ్రయం వస్తుందన్న మాట ఈసారి గట్టిగానే వినిపిస్తోంది. నిజాం కాలం నాటి ఎయిర్‌ఫీల్డ్ అక్కడ ఉంది. ఆ భూమి వాయుసేన చేతిలో ఉంది. పౌర విమానాలతో కలిసి వాడుకోవడానికి 2025లో అనుమతి వచ్చింది. ఇటు పెద్దపల్లి దిక్కున బసంత్‌నగర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర, పాత రన్‌వే ఉండనే ఉంది. 1980ల్లో అక్కడ వాయుదూత్ వాళ్ల చిన్న విమానాలు దిగేవి. గాలిమోటరు చూడాలని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం ఎండలో నిలబడేవాళ్లం.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఎకరాల లెక్కే, రన్‌వే పొడవు లెక్కే. అవి కావలసినవే. కానీ విమానం నేల వదలాలంటే ముందు ఒక మాట వినాలి, విన్న మాటను తిరిగి చెప్పాలి. ఆ చెప్పడంలో, ఆ వినడంలో ఉన్న పనితనం గురించి మన పేపర్లలో ఎవరూ రాయరు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ)లో పనిచేసే మా మేనకోడలు పండగకు ఇంటికి వచ్చినప్పుడల్లా నేను అడిగేది దాని గురించే.

శంషాబాద్ నుంచి ఒక విమానం బయల్దేరుతుందనుకోండి. ఏ దారిలో వెళ్లాలో, మొదట ఎంత ఎత్తుకు ఎక్కాలో, రాడార్‌లో గుర్తుపట్టడానికి ఏ నాలుగంకెల కోడ్ పెట్టుకోవాలో గేటు దగ్గర ఉండగానే చెబుతారు. తర్వాత గ్రౌండ్ కంట్రోలర్ రన్‌వే అంచు దాకా నడిపిస్తారు. అక్కడి నుంచి టవర్ వాళ్ల చేతికి వస్తుంది. 'లైనప్ అండ్ వెయిట్' అంటే రన్‌వే మీదికి వచ్చి ఆగు, ఇంకా కదలకు. ఆ తర్వాత గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో చెప్పి, రన్‌వే నంబరు చెప్పి, 'క్లియర్డ్ ఫర్ టేకాఫ్' అంటారు. పైలట్ 'సరే' అంటే కుదరదు. రన్‌వే నంబరుతో, తన విమానం పేరుతో సహా మొత్తం తిరిగి చెప్పాలి. తిరిగి చెబుతున్నప్పుడు కంట్రోలర్ చెవి అక్కడే ఉండాలి. తొమ్మిదిని ఐదని అన్నా, కుడి రన్‌వేను ఎడమ అన్నా, అక్కడికక్కడే దిద్దాలి. తొమ్మిదిని 'నైనర్' అనీ, ఐదును 'ఫైఫ్' అనీ పలకమన్నది కూడా గరగర శబ్దంలో ఒకటి ఇంకొకటిగా వినపడకూడదనే.

మా మేనకోడలి మాటల్లో నన్ను బాగా పట్టుకున్నది ఇది: చెప్పడం తేలిక, తిరిగి వస్తున్న మాటను శ్రద్ధగా వినడమే కష్టం. తాను చెప్పిందే తిరిగి వస్తుందని మనసు ముందే నమ్మేస్తుంది. అలాంటప్పుడు తప్పు వచ్చినా చెవి దాన్ని ఒప్పుగానే వింటుంది. రోజుకు వందసార్లు ఒప్పే విన్న చెవి నూటొకటోసారి వచ్చే తప్పు కోసం మేలుకొని ఉండాలి.

రైలు దారి పక్కన పుట్టినవాణ్ని కాబట్టి నాకు ఇది కొత్తగా అనిపించలేదు. కాజీపేట–బల్లార్షా లైన్‌లో మంచిర్యాల స్టేషన్ మాస్టర్ బండి పంపడానికి పక్క స్టేషన్‌ను లైన్ క్లియర్ అడిగితే, అవతలి మాస్టర్ ఉత్త 'ఊఁ'తో సరిపెట్టేవాడు కాదు. అచ్చువేసిన కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పేవాడు. ఇవతలి మాస్టర్ దాన్ని రిజిస్టర్లో రాసుకున్నాకే బండి కదిలేది.

ఈ జాగ్రత్తకు వెనక ఎంత దుఃఖం ఉందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. 1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో చిన్న విమానాశ్రయం. పక్క దీవిలో బాంబు పేలడంతో పెద్ద విమానాలన్నీ అక్కడికి మళ్లాయి. పొగమంచు కమ్ముకుంది. కేఎల్ఎం జంబో రన్‌వే చివర నిలబడి ఉంది. పాన్ ఆమ్ జంబో అదే రన్‌వే మీద ఎదురుగా నడిచి వస్తోంది. కంట్రోలర్ కేఎల్ఎంకు చెప్పింది ఎగిరాక వెళ్లాల్సిన దారి మాత్రమే. ఆ మాటల్లో 'టేకాఫ్' అన్న పదం దొర్లింది. పైలట్ దాన్ని తిరిగి చెబుతూ, చివర్లో 'ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం' అనే అర్థం వచ్చేలా ఒక ముక్క కలిపాడు. కంట్రోలర్ ముందు 'ఓకే' అని, ఆపై ఆగమన్నాడు. సరిగ్గా ఆ క్షణాన పాన్ ఆమ్ వాళ్లు తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్నారు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం మిగిలింది. ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. పాన్ ఆమ్ ఇంకా తప్పుకోలేదేమో అని అడిగాడు కూడా. అనుభవంలో, హోదాలో ఎంతో పెద్దవాడైన కెప్టెన్ తప్పుకుందన్నాడు. 583 మంది పోయారు.

ఆ తర్వాతే 'టేకాఫ్' అన్న పదానికి కంచె వేశారు. ఎగరమని అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప ఆ పదం రేడియోలో పలకకూడదు. మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అనాల్సిందే.

మన దేశంలో 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద జరిగింది మరో తీరు. ఢిల్లీలో లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఉంది. ఎదురుగా దిగుతున్న కజకిస్థాన్ విమానం 15,000 దగ్గర ఆగాలి. ఆగలేదు. అందులో కంట్రోలర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది వేరొకరు. విన్న చెవికీ నడిపే చేతికీ మధ్య మాట జారిపోయింది. 349 ప్రాణాలు పోయాయి.

తిరిగి చెప్పినంత మాత్రాన అంతా సరిపోతుందనీ అనలేం. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో, భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్లాల్సిన కోస్ట్ గార్డ్ విమానానికి టవర్ నుంచి రన్‌వే బయటి గీత దాకా రమ్మన్న మాట వెళ్లింది. వరసలో 'నంబర్ వన్' అని కూడా చెప్పారు. తిరిగి చెప్పడంలో తప్పు లేదు. అయినా ఆ విమానం రన్‌వే మీదికి వచ్చి నిలబడింది, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం గుద్దింది. కోస్ట్ గార్డ్ వాళ్లు ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మందీ బతికి బయటపడ్డారు. 'నంబర్ వన్' అనడాన్ని జపాన్ కొంతకాలం ఆపేసింది. ఇలా ఒక్కో ప్రమాదం తర్వాత ఒక్కో మాటను సరిచేసుకుంటూ వచ్చారు.

ఇందులో మౌనానికీ చోటుంది. విమానం రన్‌వే మీద పరుగందుకున్నాక, ప్రమాదం ఉంటే తప్ప టవర్ దాన్ని పలకరించకూడదు. ఇద్దరు పైలట్ల మనసూ వేగం మీదే ఉండాలి.

ఇదంతా మన పిల్లలకు అందని పని కాదని చెప్పడానికే ఇంత రాశాను. ఇంగ్లిష్ అనగానే కరీంనగర్, ఆదిలాబాద్ డిగ్రీ పిల్లలు వెనక్కి తగ్గుతారు. పైలట్లకైనా కంట్రోలర్లకైనా అంతర్జాతీయంగా ఉన్నది ఆరు మెట్ల కొలమానం. నాలుగో మెట్టు అందుకుంటే పనికి అర్హత వచ్చినట్టే. ఆ మెట్టులో మాతృభాష యాస వినపడవచ్చని నిబంధనే ఒప్పుకుంటుంది. అవతలివాడికి అర్థం కావడంలో అది తరచూ అడ్డు రాకుంటే చాలు. టవర్లో ఒకరు, కాక్‌పిట్‌లో ఒకరు ఇద్దరూ తెలుగువాళ్లే అయినా అక్కడ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. అదే ఫ్రీక్వెన్సీలో వింటున్న మూడో విమానానికీ తన చుట్టూ ఏం జరుగుతోందో తెలియాలి కదా!

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఏటీసీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంపికైనవాళ్లకు ప్రయాగ్‌రాజ్‌లో, గోండియాలో శిక్షణ ఉంటుంది. మన హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. ఆదిలాబాద్‌లో టవర్ లేచేనాటికి అందులో కూర్చునే పిల్ల జైనథ్ నుంచో జమ్మికుంట నుంచో రావచ్చు. డిగ్రీ కాలేజీల లెక్చరర్లు నోటిఫికేషన్ వచ్చినప్పుడు క్లాసులో ఒక్కసారి చదివి వినిపించండి. రాత పరీక్షతో పాటు వాయిస్ టెస్ట్ కూడా ఉంటుందని చెప్పి, ఇప్పటి నుంచే అంకెలు గట్టిగా, విడివిడిగా పలికించండి.