నిప్పురవ్వ నెఱిఁగిన పనివాఁడు

చైతన్యపురి మెట్రో స్తంభములకుఁ జేరువనున్న సందులలో, 2014లో ఉత్తరపాడాలో నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరుల వంటి పాత పెట్రోలు కార్లను బ్రతికించు మెకానిక్కుల విద్య నాకు మిక్కిలి గౌరవపాత్రము. కారు వేడెక్కి దారిలో ఆఁగిపోవుచున్నదనఁగనే కాయిలు, ప్లగ్గులు, కండెన్సరు అన్నియు మార్పించువాఁడు వ్యాపారియే గాని పనివాఁడు గాఁడు.

నిజమైన పనివాఁడు ముందుగా డిస్ట్రిబ్యూటరు మూఁత విప్పి, పాయింట్ల ముఖమును వెలుతురునకుఁ ద్రిప్పి చూచును. ఒకవైపు గుంటయు, రెండవవైపు మొటిమయు నేర్పడియున్నచోఁ గండెన్సరును శంకించును. ఏలయనఁగా, పాయింట్లు విడివడు క్షణమున విద్యుత్తును తనలో నిముడ్చుకొని, రవ్వ యచ్చటనే వృథాకాకుండఁ గాచునది యదియే. చల్లగా నున్నపుడు చక్కఁగాఁ బనిచేసి వేడికి మొరాయించు కాయిలు మఱింత మాయలాడి. కనుక ఇంజను చల్లాఱకమున్నే ప్లగ్గు తీఁగ చివర రవ్వను పరీక్షించును.

దుకాణమునఁ బెట్టెమీఁది పేరును మాత్రమే నమ్మక, కొత్త కండెన్సరు తీఁగ యతుకును మెల్లగా లాగి చూచును. కొత్త పాయింట్ల నడుమ ఫీలరు గేజి రేకును జొనిపి, సుమారు 0.4 మిల్లీమీటర్ల యెడ మమరువఱకు మరను సవరించును. తీసిన పాత కండెన్సరు మంచిదని తేలెనా, దానిని గుడ్డలోఁ జుట్టి, డిక్కీలో నుంచుకొండని యజమానికే యిచ్చును.