వార్సా ఘెట్టోలో ‘డాక్‌ఘర్’: నాటకం ఆడించిందెవరు?

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు నగరాన్ని ముంచేసిన కొన్నాళ్ళకి, మిత్రులతో కలిసి బట్టలు, నోటు పుస్తకాలు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఒక బడిలో పిల్లలకి బొమ్మల పోటీ పెట్టారు. అంశం ‘వరద’. ఎనిమిదేళ్ళుంటాయేమో, ఒక పాప ఇల్లు వేసి, వాకిట్లో చుక్కల ముగ్గు వేసింది. చుక్కలు లెక్కపెట్టుకుంటూ ఎంతో శ్రద్ధగా వేసింది. పోటీ నడిపిస్తున్న ఒకాయన వంగి చూసి “మరి నీళ్ళేవమ్మా?” అన్నాడు. ఆ పాప ఆయన మొహంలోకి ఒకసారి చూసి, నీలం క్రేయాన్ తీసుకుని ముగ్గు మీదా గడప మీదా అడ్డంగా రుద్దేసింది. ఆ బొమ్మకే బహుమతి వచ్చింది. మర్నాడు వచ్చే అతిథులకి కనబడేలా గుమ్మం పక్కనే అంటించారు. నేనక్కడే వున్నాను. ఏమీ అనలేదు. చప్పట్లు కూడా కొట్టాను.

కష్టకాలంలో పిల్లలకి కళ తోడుండాలని మనందరం అంటూనే వుంటాం. సునామీ అప్పుడు అన్నాం, వరదలప్పుడు అన్నాం, కరోనా అప్పుడూ అన్నాం. ఆ కళ ఎవరి అవసరం తీరుస్తోందన్న ప్రశ్న మాత్రం వేసుకోం. ఈ ప్రశ్నతోనే నేను టాగోర్ ‘డాక్‌ఘర్’ మళ్ళీ చదివాను. చదివేటప్పుడు ఆ నాటకానికి జరిగిన ఒక ప్రదర్శన నా మనసులోంచి పోలేదు.

1942 జులై 18న, వార్సా ఘెట్టోలోని యూదు అనాథాశ్రమంలో పిల్లలు ‘డాక్‌ఘర్’ ఆడారు. నాలుగు రోజులకి, జులై 22న, ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్ళు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో ఆశ్రమంలోని సుమారు రెండువందల మంది పిల్లల్నీ, వాళ్ళతో పాటు పెద్దల్నీ తీసుకుపోయి చంపేశారు. ఆశ్రమానికి పెద్ద యానుష్ కోర్చాక్. డాక్టరు, రచయిత, బాలల హక్కుల గురించి ఎంతో ముందుగా మాట్లాడినవాడు. పిల్లల్ని వదిలి బయటపడే అవకాశాల్ని కాదని వాళ్ళతోనే వెళ్ళాడు. ఆ త్యాగాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

కానీ ఈ ప్రదర్శన గురించి ఎక్కడ చదివినా ఒకటే వ్యాఖ్యానం. ‘డాక్‌ఘర్’లో అమల్ జబ్బు పిల్లవాడు. వైద్యుడు గాలీ ఎండా తగలకూడదన్నాడు కాబట్టి గదిలోనే వుండాలి. రాజుగారి దగ్గర నుంచి ఉత్తరం వస్తుందని ఎదురు చూస్తాడు. చివరికి రాజవైద్యుడు వచ్చి తలుపులూ కిటికీలూ తెరిపిస్తాడు, అమల్ నిద్రపోతాడు. ఆ నిద్ర చావే. పిల్లలకి చావుని ప్రశాంతంగా ఎదుర్కోవడం నేర్పడానికే ఈ నాటకాన్ని ఎంచుకున్నానని కోర్చాక్ చెప్పినట్టు ఆయన జీవితచరిత్రల్లో కనబడుతుంది. వ్యాఖ్యాతలందరూ అక్కడే ఆగిపోతారు.

నాకు ఈ వ్యాఖ్యానంతో పేచీ వుంది. ముందు నాటకాన్నే చూద్దాం. దాని నిడివిలో చావు ఎంత? ఎక్కువ భాగం కిటికీ దగ్గర మాటలే. అమల్ పెరుగమ్మేవాడిని ఆపి, ఆ కేక ఎలా వెయ్యాలో నేర్పమంటాడు. గంట కొట్టే కాపలావాడిని ప్రశ్నలతో వేధిస్తాడు. వీధిలో పిల్లలకి తన బొమ్మలన్నీ ఇచ్చేసి, తన కిటికీ ముందే ఆడుకోమంటాడు. చనిపోతున్న పిల్లవాడు కాడు వీడు, పెరుగు అమ్మాలనుకునే పిల్లవాడు. 1940 నవంబరు నుంచి గోడల మధ్య బందీలైన పిల్లలకి కిటికీ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండోది, కోర్చాక్ ఘెట్టోలో రాసుకున్న డైరీ. నాటకం మర్నాటి ఆలోచనల్లో చావు పాఠం లేదు. నిన్న వేషం వేసిన పిల్లలు ఇవాళ కూడా ఆ వేషాల్లోనే వుండిపోతే ఎలా వుంటుందని ఆయన సరదాగా ఊహిస్తాడు. ఫకీరు వేసినవాడు నిజంగా ఫకీరు, వైద్యుడు వేసినవాడు నిజంగా వైద్యుడు, అధికారి వేసినవాడు అధికారి! మనిషి బతుకులో భ్రమల పాత్ర గురించి పిల్లలతో మాట్లాడాలనుకుంటాడు. అంటే, దగ్గరుండి చూసిన మనిషికి ఆ పిల్లల్లో కనబడింది చావుకి సిద్ధపడడం కాదు, ఇంకొకరుగా మారగలగడం.

ఇక్కడే నా అసలు ప్రశ్న. పిల్లలు ఒక్కరోజులో ఇంకొకరుగా మారిపోరు. మాటలు కంఠతా పట్టాలి. ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో తెలియాలి. ఒకడు అలుగుతాడు, ఇంకొకడికి జ్వరం వస్తుంది. ఆకలితో వున్న పిల్లలకి “రేపు రెండో అంకం చేద్దాం” అని ఎవరో చెప్పాలి. రేపు అనేది వుందో లేదో తెలియని చోట, ఆ మాట చిన్నది కాదు. ప్రదర్శన కొద్ది గంటల్లో అయిపోతుంది. పిల్లలకి దక్కింది ఆ రిహార్సల్స్ రోజులని నేననుకుంటున్నాను.

ఆ నాటకం ఆడించింది ఎస్తెర్కా వినోగ్రోన్ అనే యువతి. వార్సా యూనివర్సిటీలో చదువుకుని, ఆశ్రమంలో కోర్చాక్‌కి సహాయంగా వుండేది. రైళ్ళు మొదలైన తొలిరోజుల్లోనే ఆమెని వీధిలో పట్టుకుపోయారు. ఆమె సుఖమైన బతుకు కాదు, అందమైన బతుకు కోరుకుందని, ‘డాక్‌ఘర్’ని తమకి వీడ్కోలుగా ఇచ్చి వెళ్ళిందని కోర్చాక్ డైరీలో రాసుకున్నాడు. ఆయన మరిచిపోలేదు. మరిచిపోయింది తర్వాత వచ్చిన మనం. ‘కోర్చాక్ వేయించిన డాక్‌ఘర్’ అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

స్తెఫానియా వీల్‌చిన్‌స్కా సంగతీ అంతే. 1912లో ఆశ్రమం సొంత భవనంలోకి మారిన దగ్గర నుంచి రోజువారీ పాలన అంతా ఆమెదే. తిండి, బట్ట, జబ్బులు, తగువులు. మొదటి ప్రపంచయుద్ధంలో కోర్చాక్ సైన్యానికి వెళ్తే ఆశ్రమాన్ని ఆమే నిలబెట్టింది. 1939లో, యుద్ధానికి కొద్ది నెలల ముందు, పాలస్తీనాలో క్షేమంగా వున్న మనిషి వార్సాకి తిరిగి వచ్చింది. 1942లో పిల్లలతో పాటే వెళ్ళింది. ఆయన పుస్తకాలు రాశాడు, ఆమె ఆయన రాసుకోవడానికి వీలయ్యే ఇంటిని నడిపింది. ఈ పని విభజన మనకేం కొత్త కాదు.

ఈ సంగతులు మనసులో పెట్టుకుని చదివితే ‘డాక్‌ఘర్’లో సుధ వేరేగా కనబడుతుంది. పూలమ్మే పిల్ల. అమల్ కాసేపు వుండమంటే వుండలేదు, పూలు కొయ్యాలి. అమల్ కూర్చోవలసి రావడం వల్ల బందీ అయితే, సుధ కూర్చునే వీలు లేక బందీ. పని అయ్యాక వస్తానని మాట ఇస్తుంది, వస్తుంది. అప్పటికి అమల్ నిద్రపోయాడు. తాను మరిచిపోలేదని అతనికి చెప్పమంటుంది. నాటకంలో ఆఖరి మాట రాజవైద్యుడిది కాదు, ఆ పిల్లది. పని, జ్ఞాపకం రెండూ ఆమె మీదే పడ్డాయి. ఆమెని జ్ఞాపకం పెట్టుకోవడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

అదే యుద్ధకాలంలో, చెక్ దేశంలోని టెరెజిన్ ఘెట్టోలో ఇంకొక స్త్రీ పిల్లలకి బొమ్మలు నేర్పింది. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. బౌహౌస్‌లో చదివిన చిత్రకారిణి, 1942 డిసెంబరులో అక్కడికి చేరింది. ఘెట్టోని గియ్యమని ఆమె పిల్లల్ని ఒత్తిడి చెయ్యలేదు. గీత, లయ, రంగు నేర్పింది. పిల్లలు పూలు వేశారు, గదులు వేశారు, పాత కాగితాలు చింపి అంటించారు. బొమ్మల మీద తమ పేర్లు రాసుకున్నారు. నంబర్లుగా మారిపోయిన చోట పేరు రాసుకోవడం! 1944 అక్టోబరులో ఆమెని ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ తర్వాత అమెరికాలో ఆర్ట్ థెరపీకి పునాదులు వేసింది.

అదే టెరెజిన్‌లో ‘బ్రుండిబార్’ అనే పిల్లల సంగీత నాటకాన్ని యాభైకి పైగా సార్లు ఆడారు. పాడిన పిల్లలకి అది ప్రాణం. కానీ 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చినప్పుడు నాజీలు అదే నాటకాన్ని వాళ్ళ ముందు ఆడించి, ఇక్కడ అంతా బాగానే వుందని చూపించుకున్నారు. పాట అదే, పిల్లలూ వాళ్ళే. ఎవరి కోసం అన్నది మారింది, దాంతో అర్థమే మారిపోయింది. కర్నూలు బడికీ టెరెజిన్‌కీ పోలిక లేదు, అలా పోల్చడం అన్యాయం కూడా. అయినా ఆ గుమ్మం పక్కన అంటించిన బొమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఈ సంగతీ గుర్తొస్తుంది.

కళ ఆ పిల్లల్ని కాపాడిందా? లేదు. పేరు రాసుకున్న పిల్లల్లో ఎక్కువ మంది చనిపోయారు. కళ అన్నిటినీ నయం చేస్తుందని రాసేవాళ్ళు ఈ మాట దాటవేస్తారు. కళ రైలుని ఆపలేదు. రైలు వచ్చేదాకా వున్న రోజుల్ని ఆ పిల్లలవిగా వుంచింది, అంతే. అంతకన్నా ఎక్కువ అంటే అబద్ధం, తక్కువ అంటే ఎస్తెర్కాకి అన్యాయం.

పిల్లల బాధని పిల్లల చేత చెప్పించాలన్న ఆత్రం మనలో చాలామందికి వుంది. స్త్రీల బాధ విషయంలో కూడా ఈ ఆత్రాన్ని మనం చూశాం, ప్రతిఘటించాం. మా అనుభవాన్ని మేం చెప్పదలుచుకున్నప్పుడు, చెప్పదలుచుకున్న రూపంలో చెప్తాం అన్నాం. ఆ హక్కు పిల్లలకీ వుంది. చెప్పకుండా వుండే హక్కుతో సహా.

ఆ పాప వరదని మరిచిపోయి ముగ్గు వెయ్యలేదు. నీళ్ళు తీశాక వాకిలి ఎలా వుండాలో వేసుకుంది. ఆ రోజు నేను చెయ్యాల్సిన పని ఒకటే. పక్కన కూర్చుని, “ఎన్ని చుక్కలమ్మా?” అని అడగడం.