పెట్టె వెనక గొట్టం

స్పీకర్ కొనేవాళ్ల చూపు ముందున్న కోన్ మీదే ఆగిపోతుంది. చాలా స్పీకర్లను వెనక్కి తిప్పి చూస్తే ఒక గుండ్రటి రంధ్రం, అందులోంచి లోపలికి పోయే గొట్టం కనిపిస్తాయి. దాన్ని పోర్ట్ అంటారు. పెట్టె మొత్తంలో నన్ను ముచ్చట గొలిపే పనితనం అక్కడే ఉంది.

కోన్ వెనకవైపు కూడా శబ్దం పుడుతుంది, ముందుదానికి సరిగ్గా ఎదురు తిరిగి. రెండూ కలిస్తే బేస్ చచ్చిపోతుంది. పెట్టె మూసేస్తే వెనకది వృథా. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ దాన్నీ పనిలో పెట్టే ఉపాయానికి 1932లో పేటెంట్ పొందాడు. పెట్టెలోని గాలి స్ప్రింగులా, గొట్టంలోని గాలి దాని మీది బరువులా ఊగుతాయి. 40 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన పెట్టెలో ఆ స్వరం దగ్గర కోన్ దాదాపు కదలదు. మోగేదంతా గొట్టమే! అంతకన్నా కిందికి దిగితే మాత్రం గొట్టం కోన్‌కే ఎదురు తిరుగుతుంది. మూసిన పెట్టెలో బేస్ ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గితే, ఇక్కడ 24 చొప్పున పడిపోతుంది. పట్టు తప్పిన కోన్ ఊరికే ఊగిసలాడుతుంది.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. 20 లీటర్ల పెట్టెను 40 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే 5 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం సుమారు 15 సెంటీమీటర్ల పొడవుంటే చాలు. కానీ అంత ఇరుకులో గాలి పరుగెత్తి బుస కొడుతుంది. వ్యాసం 7 సెంటీమీటర్లు చేస్తే పొడవు 30 దాకా పెరుగుతుంది. చిన్న పెట్టెలో అదెక్కడ పడుతుంది? ఈ లెక్కలన్నిటినీ ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ఒక పద్ధతిలో పెట్టాడు. తర్వాత రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. నేటికీ డిజైనర్లకు ఆధారం వాళ్ల పేరిట ఉన్న కొలతలే.

లెక్క తేలాక మిగిలేది అంచు. పదునైన అంచు దగ్గర గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, అందుకే మూతిని బూరలా విప్పుతారు. ఇంగ్లండ్‌కు చెందిన బవర్స్ అండ్ విల్కిన్స్ ఇంకో అడుగు వేసి, ఆ మూతి నిండా గోల్ఫ్ బంతి మీద ఉండేలాంటి చిన్న గుంటలు పెట్టింది. ఫ్లోపోర్ట్ అని పేరు. ఆ గుంటలు ఉపరితలాన్ని అంటుకున్న గాలిని కాస్త కలతపెట్టి, అది అంచును త్వరగా వదలకుండా చేస్తాయి. బుస తగ్గించడానికి గాలిని కావాలనే చెదరగొట్టడం! ఇలాంటి తెలివికి నేను దాసుణ్ణి.

అదే కంపెనీ చాలా మోడళ్లతో పాటు స్పాంజి బిరడాలు కూడా ఇస్తుంది. స్పీకర్‌ను గోడకు ఆనించాల్సి వచ్చి బేస్ గుమ్ముమంటుంటే, బిరడా నొక్కి పోర్ట్ మూసేయొచ్చు.