ఎలా తెలుసు?

నా పుస్తకాల మార్జిన్లలో పెన్సిలు రాతలుంటాయి. థ్రిల్లర్ అయితే "ముందే చెప్పావా?" అని రాస్తాను. చరిత్ర అయితే "ఎలా తెలుసు?" అని రాస్తాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ రెండు ప్రశ్నలతోనే చదువుతున్నాను. పోయిన ఆదివారం అల్మరా సర్దుతూ పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఇన్నాళ్లూ రెండనుకున్న ఆ ప్రశ్నలు ఒకటే కదా అనిపించింది. ఈ వారం ఆ సంగతే రాస్తాను.

నాకు చదువు పిచ్చి పట్టింది హనుమకొండలో, మా చిన్నమ్మ ఇంట్లో. ఆమె వారపత్రికల పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలను వరస తప్పకుండా పేర్చి, కథ పూర్తయ్యాక బైండు చేయించేది. అట్టకు నల్ల గుడ్డ, వీపుకు ఎర్ర గుడ్డ. కుట్టు ఎంత బిగువుగా ఉండేదంటే లోపలి అంచున రెండేసి అక్షరాలు దారం కిందికి పోయేవి. పుస్తకాన్ని రెండు చేతులతో విరిచి పట్టుకుని, ఆ అక్షరాలను ఊహించుకుంటూ చదవాలి. పేజీ వెనక్కి తిప్పితే సగం కార్టూను, సగం గోంగూర పచ్చడి, ఎవరో పాఠకుడి ఉత్తరం చివరి నాలుగు లైన్లు. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి 'తులసీదళం' నేను చదివింది అలాంటి బైండులోనే. రాత్రి చదివి, నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లే ధైర్యం లేక గొంతు ఎండి పడుకున్నాను.

బైండులో చదవడం వల్ల ఒక సంగతి తొందరగా తెలిసింది. వారం వారం చదివేవాళ్లకు 'సశేషం' ముందు తలుపు చప్పుడైతే ఏడు రోజులు గుండె దడ. బైండులో పేజీ తిప్పితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. వచ్చింది పాలబ్బాయో, పోస్టుమానో. పది పేజీలకోసారి ఉత్తుత్తి చప్పుడు. ఆ చప్పుళ్లు మీద పడేకొద్దీ నాకు కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. భయపెట్టిన రచయితను ఎన్నిసార్లయినా చదువుతాను. నా భయాన్ని వాడుకుని వదిలేసినవాణ్ని మళ్లీ ముట్టుకోను.

అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు దొరికాడు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. చెమటకు మెత్తబడిన అట్ట, లోపల మొదటి పేజీ మీద ఎవరెవరివో సంతకాలు. రాజు దేన్నో చూసి ఆగిపోతే నేనూ ఆగేదాన్ని. వాడికి కనిపించిందే నాకూ కనిపించాలి, వాడికి అర్థమైనంతే నాకూ అర్థం కావాలి. ఆ సమానత్వమే డిటెక్టివ్ నవలకు ప్రాణమని నా నమ్మకం. డిటెక్టివ్ నేలమీద నుంచి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు, అదేమిటో చివరి అధ్యాయం దాకా మనకు చెప్పలేదు అనుకోండి, దాన్ని నేను తెలివి అనను. అక్కడ రచయిత నా దగ్గర సాక్ష్యం దాచాడు.

అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' 1926లో వచ్చినప్పుడు ఇది అన్యాయం అన్నవాళ్లున్నారు. ఎందుకన్నారో చెబితే చదవనివాళ్లకు ద్రోహం చేసినట్టే, చెప్పను. నేనైతే ఆఖరి పేజీ కాగానే మొదటికెళ్లి, పెన్సిలు పట్టుకుని, వాక్యం వాక్యం మళ్లీ చదివాను. అబద్ధం ఒక్కటీ దొరకలేదు. ఒకచోట రెండు వాక్యాల మధ్య కొన్ని నిమిషాల ఖాళీ ఉంది. ఆ ఖాళీ నా కళ్ల ముందే ఉంది, దాటి వెళ్లిపోయింది నేనే. "ముందే చెప్పావా?" అని రాయబోయిన చేత్తోనే "చెప్పావు" అని రాశాను.

ముగింపు తెలిస్తే ఉత్కంఠ పోతుందంటారు. ఇది నేను ఒప్పుకోను. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో అచ్చయింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌ను చంపడానికి కిరాయికి వచ్చిన హంతకుడి కథ. ద గాల్ ఆ ముందు ఏడాది నవంబరులో తన ఇంట్లో సహజంగా చనిపోయాడని పుస్తకం కొన్నవాళ్లందరికీ తెలుసు. అంటే హంతకుడు ఓడిపోతాడని మొదటి పేజీకి ముందే తెలుసు. అయినా చేతిలోంచి దించలేం. 1962 ఆగస్టు 22న ప్యారిస్ శివారులో ద గాల్ కారు మీద నిజంగానే తూటాల వాన కురిసింది. ఆ కుట్ర నడిపిన సైనికాధికారిని 1963 మార్చి 11న కాల్చి చంపారు. నవల ఆ తెల్లవారుజామునే మొదలవుతుంది. ఆ రోజుల్లో ప్యారిస్‌లో రాయిటర్స్ విలేకరిగా ఉన్న మనిషి రాసిన నవల అది. పసితనంలోనే చనిపోయిన ఒక బిడ్డ పేరు సమాధి రాయి మీద వెతికి, హంతకుడు ఆ పేరుతో పాస్‌పోర్టు ఎలా సంపాదించాడో చదువుతుంటే, చంపుతాడా లేదా అన్నది నాకు పట్టలేదు. ఎలా చేస్తున్నాడు, ఎలా కనిపెడుతున్నారు అన్నదే నన్ను లాక్కుపోయింది.

చరిత్ర పుస్తకం దగ్గర కూర్చున్నప్పుడు ఉండేదీ అదే స్థితి. ఓరుగల్లు పడిపోతుందని తెలుసు, తళ్లికోటలో విజయనగరం ఓడుతుందని తెలుసు. తెలిసి కూడా అర్ధరాత్రి దాకా చదువుతాం.

పుస్తకాల షాపులవాళ్లు డిటెక్టివ్ నవలలను ఒక మూల, చరిత్రను ఇంకో మూల పెడతారు. ఆరుద్రను ఏ మూల పెడతారు? 'పలకల వెండిగ్లాసు' అనే అపరాధ పరిశోధక నవల రాసిన చెయ్యే 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు రాసింది. ఒక కవి కాలం తేల్చడానికి ఆయన కృతిపతి ఎవరో చూస్తారు, శాసనంలో ఆ పేరు వెతుకుతారు, ఫలానా పండితుడి వాదం ఎక్కడ నిలబడదో చూపిస్తారు. 'రాముడికి సీత ఏమవుతుంది?' అన్న పుస్తకం పేరులోనే పరిశోధకుడి ప్రశ్న ఉంది. ఆ సంపుటాలను రిఫరెన్సు పుస్తకాలని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాం. పడక పక్కన పెట్టుకు చదవాల్సినవి అవి.

ఇక నన్ను చరిత్ర వైపు పూర్తిగా తిప్పిన కేసు చెబుతాను. కేసు అనే అంటాను.

మా స్కూలు పుస్తకంలో రుద్రమదేవి పాలన 1295 దాకా అని ఉండేది. పరీక్షలో అదే రాశాను, మార్కు వేశారు. చాలా ఏళ్లకు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి 'ది కాకతీయాస్' చదివాను, 1978లో వచ్చిన పుస్తకం. నల్గొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ ఒక శాసనం దొరికింది. శక సంవత్సరం 1211, విరోధి. మన లెక్కకు 1289 నవంబరు 27. వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. పువ్వుల ముమ్మడి అనే అతను, సేనాని మల్లికార్జున నాయకుడి కింద పనిచేసేవాడు. సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చాడు. శివలోకానికి వెళ్లిన రుద్రమదేవికీ, మల్లికార్జున నాయకుడికీ పుణ్యం రావాలని ఇచ్చాడు.

నేను అక్కడే పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1295 దాకా పాలించిన మనిషి 1289లో శివలోకానికి ఎలా వెళ్లింది? ఒక మామూలు బంటు, తన యజమానుల కోసం ఇచ్చిన చిన్న దానం, పాలన లెక్కనే మార్చేసింది. అతనికి చరిత్ర రాయాలన్న ఆలోచన లేదు, ఎవరినీ నమ్మించాల్సిన అవసరమూ లేదు. కోర్టులో ఇలాంటి సాక్షికే విలువ ఎక్కువ. ఇంకో సంగతి చూడండి. రాణి పేరు, సేనాని పేరు ఒకే దానంలో పక్కపక్కన ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి పోయారా? అప్పటికి కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడు రాణి మీద తిరగబడి ఉన్నాడు. ఆ పోరులోనే ఇద్దరూ నేలకొరిగి ఉంటారని పండితులు ఊహించారు. నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ రాయి చెప్పింది శివలోకం దాకానే, ఎలా పోయారో చెప్పలేదు. ఎంతవరకు శాసనం, ఎక్కణ్నుంచి ఊహ అన్న గీత ఆ పుస్తకంలో స్పష్టంగా కనిపించింది కాబట్టే నేను ఆ ఊహను కూడా నమ్మాను.

ఇదే కేసులో ఇంకో సాక్షి మార్కో పోలో. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందనీ, ఆమె చనిపోయిన రాజు భార్య అనీ రాశాడు. న్యాయం తెలిసిన రాణి అని మెచ్చుకున్నాడు కూడా. కాని రుద్రమ గణపతిదేవుడి కూతురు, శాసనాలు ఆ మాట చెబుతాయి. పోలో చైనా నుంచి ఓడ ఎక్కింది 1290 దాటాకే. ఆ ఓడ మన సముద్రంలోకి వచ్చేసరికి, చందుపట్ల రాయి ప్రకారం, రాణి లేదు. ఆయన విన్నది రేవుల్లో తిరుగుతున్న పాత మాట అయి ఉండాలి. అబద్ధం చెప్పాడనను. అక్కడ లేని మనిషి, విన్నది చెప్పాడు. యుగంధర్ అయినా ఆ వాంగ్మూలాన్ని అలాగే రాసుకునేవాడు.

నాకు బాధ కలిగించేది ఈ మధ్య విరివిగా వస్తున్న ఒక రకం చరిత్ర పుస్తకాలు. ఒకదాంట్లో యుద్ధానికి ముందు రాత్రి రాణికి నిద్ర పట్టదు. కిటికీ దగ్గర నిలబడి తండ్రిని తలుచుకుంటుంది. బయట చినుకులు పడుతుంటాయి. ఒక్క అధ్యాయంలో పదకొండు చోట్ల "ఎలా తెలుసు?" అని రాశాను. వెనక ఆధారాల పట్టిక లేదు, కింద ఒక్క ఫుట్‌నోటు లేదు, అట్ట మీద మాత్రం చరిత్ర అని ఉంది. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' రాశారు, నవల అనే చెప్పి రాశారు. అందులో గన్నారెడ్డి గుర్రమెక్కి వస్తే నేనూ వెంట పరిగెత్తాను, మార్జిన్లో ఒక్క గీత పెట్టలేదు. నవలకు ఆ హక్కుంది. చరిత్ర పేరు పెట్టుకుని కల్పించిన చినుకులకు లేదు. డిటెక్టివ్ జేబులో క్లూ దాచిన రచయితా, ఆధారం చూపకుండా రాణి మనసులోకి దూరిన రచయితా నాకు ఒకే తప్పు చేస్తున్నారు. నేను తూచుకోవాల్సినదాన్ని నా చేతికి ఇవ్వడం లేదు.

అందుకే సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మీద నాకు అంత ప్రేమ. 1949లో వచ్చిన పుస్తకం, సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి దానికే. రాజుల వరస పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడుకున్నారు అని కావ్యాల్లో వెతికారు. ఓరుగల్లు వీధుల్లో తిరగడానికి 'క్రీడాభిరామం' పట్టుకున్నారు. పద్యంలో ఒక ఆట పేరు కనబడి, నిఘంటువు తీస్తే అది కూడా 'ఒక ఆట' అనే అర్థం ఇస్తే ఆయన ఊరుకోరు, నిఘంటువు మీద విసుక్కుంటారు. ఆ విసుగు నాకు ఎంతో ఇష్టం. దొరకలేదని పాఠకుడి ముందే ఒప్పుకునే రచయితను, దొరికిందన్నప్పుడు కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

థ్రిల్లర్ చివర హంతకుడెవరో తేలాలి. తేల్చకుండా వదిలేసి అదే గొప్ప అనే నవలలు నాకు నచ్చవు, డబ్బు పెట్టి కొన్నాను, తేల్చాలి. చరిత్రను మాత్రం అలా అడగలేను. కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడి సంగతే తీసుకోండి. 1323లో ఓరుగల్లు పడింది, రాజును ఢిల్లీకి తరలించారు. తర్వాత? ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్ దారిలో చనిపోయాడన్నాడు. కోనసీమలో దొరికిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం నర్మద ఒడ్డున పోయాడంటుంది. నూరేళ్ల తర్వాత, 1423 నాటి కలువచేరు శాసనం తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్లిపోయాడంటుంది. ఇంకా తర్వాతి ప్రతాపరుద్ర చరిత్రమైతే సుల్తాను వదిలేశాడనీ, రాజు తిరిగి వచ్చాడనీ చెబుతుంది. జరిగిన రోజుకు దూరమయ్యేకొద్దీ రాజు మరణం గౌరవంగా మారింది, చివరికి మరణమే వాయిదా పడింది. జనం తమ రాజును బందీగా చావనివ్వలేకపోయారు. నేను విలస రాగిరేకుల వైపే ఉంటాను, అవి ఆ తరం వాళ్లవి కాబట్టి. నర్మద ఒడ్డున జబ్బు చేసి పోయాడా, తానే ప్రాణం తీసుకున్నాడా అంటే నా మార్జిన్ ఖాళీగానే ఉంది.

ఆదివారం సర్దిన అల్మరాలో అడుగు అరన చిన్నమ్మ బైండు ఒకటి దొరికింది. ఎర్ర వీపు వెలిసి గులాబీ రంగుకు దిగింది. సగం దాకా తిప్పేసరికి అచ్చు కాగితాల మధ్య రూళ్ల నోటుబుక్కు కాగితం తగిలింది. రెండు వైపులా బ్లూ ఇంకు, చిన్నమ్మ గుండ్రటి రాత. ఆ భాగంలో కథ ఏం జరిగిందో ఇరవై లైన్లలో ఉంది. కింద గీత కొట్టి, చిన్న అక్షరాలతో ఇలా రాసుకుంది: "ఈ వారం పుస్తకం మనకు రాలే. పక్కింటి వదినె చెప్పంగ రాసిన. ఆఖర్ల ఏమైందో ఆమెకు యాదికి లేదంట."

బైండు చేసినతను ఆ కాగితాన్ని కూడా వరసలోనే కుట్టేశాడు.