దిగడమే విద్య

స్కేట్‌బోర్డు అనగానే గాల్లో ఉన్న మనిషే ఎవరికైనా గుర్తుకొస్తాడు. పోస్టర్ల మీదా అదే బొమ్మ. కాళ్ల కింద చెక్క మెలితిరుగుతుంటుంది, మనిషి మోకాళ్లు ముడుచుకుని ఆకాశానికి అతుక్కుపోయినట్టు ఉంటాడు. తర్వాత ఏమైందో ఆ బొమ్మ చెప్పదు. స్కేటర్ల లెక్క మాత్రం ఆ తర్వాతే మొదలవుతుంది. ఎంతెత్తు ఎగిరినా, చెక్కను ఎన్ని చుట్లు తిప్పినా, మళ్లీ దానిమీద రెండు కాళ్లూ ఆన్చి అలాగే దొర్లుకుంటూ పోలేకపోతే ఆ ట్రిక్కు చేయనట్టే. లండన్‌లోని రోల్7 అనే చిన్న స్టూడియో 2014 జనవరిలో ప్లేస్టేషన్ వీటా మీద విడుదల చేసిన ‘ఓలీఓలీ’ ఈ ఒక్క నియమాన్ని పట్టుకుని పుట్టిన ఆట. తెర ఎడమనుంచి కుడికి జరుగుతూ ఉంటుంది, బొటనవేలంత స్కేటర్ మెట్లమీదుగా, కమ్మీలమీదుగా దూసుకుపోతుంటాడు. మహా కష్టమైన ఆట అని కొందరు దాన్ని మెచ్చుకున్నారు, అదే మాటతో కొందరు విసుక్కున్నారు. కష్టమైన ఆటలకు కొదవేముంది? కష్టాన్ని పెట్టాల్సిన చోట పెట్టినవే తక్కువ. ఓలీఓలీ దాన్ని నేల తాకే క్షణంలో పెట్టింది, దాని విలువంతా అక్కడే ఉందని నా వాదన.

ఆట పేరులో ఉన్న ‘ఓలీ’ ఒక మనిషి ముద్దుపేరు. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రవాడు, వాలుగోడ మీద చేత్తో పట్టుకోకుండానే చెక్కను తనతోపాటు గాల్లోకి లేపాడు. స్నేహితులు అతణ్ని పిలిచే పేరే ఆ విద్యకూ స్థిరపడింది. 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ దాన్ని చదును నేలమీదకు తెచ్చాడు. వెనక కాలితో చెక్క తోకను ఠప్‌మని నేలకు కొట్టాలి. ముక్కు పైకి లేస్తుంది. అదే క్షణంలో ముందు కాలిని చెక్క మీదుగా పైకి ఈడిస్తే, వెనక భాగం కూడా లేచి చెక్క గాల్లో సమంగా నిలుస్తుంది. వీధి స్కేటింగ్ అంతా దీని మీదే నిలిచింది. ఇంతవరకూ చాలా పుస్తకాలు చెబుతాయి. దిగడం గురించి వాటిలో ఒక వాక్యం మించి ఉండదు. స్కేటర్లకు మాత్రం దానికంటూ ఒక భాషే ఉంది. చక్రాల ఇరుసులను చెక్కకు బిగించే బోల్టుల మీద పాదాలు సరిగ్గా పడితే ‘బోల్ట్స్’ అంటారు, అంతకుమించిన మెప్పు లేదు. పాదం అంచుకు జారినా, చెయ్యి నేలకానినా ‘స్కెచీ’, అంటే ఏదో గట్టెక్కాడు అన్నట్టు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ వీధి విభాగంలో ఒక్కొక్కరికీ 45 సెకన్ల చొప్పున రెండు పరుగులు, విడిగా అయిదు ట్రిక్కులు ఇచ్చి, ఆ ఏడింటిలో మేలైన నాలుగు మార్కులే కలిపారు. విడి ట్రిక్కులో పడిపోతే దక్కేది సున్నా. గాల్లో ఎంత అందంగా ఉన్నా దానికి అర మార్కు కూడా రాదు.

ఓలీఓలీకి ముందు వచ్చిన స్కేటింగ్ ఆటలు దిగడమనే ఈ సగాన్ని దాదాపు వదిలేశాయి. 1999లో వచ్చిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ రెండు నిమిషాల గడువులో ఎడాపెడా ట్రిక్కులు గుప్పించే పండగ. అందులో బటన్ వదిలితే ఎగురుతాడు, చెక్క అడ్డంగా లేకుంటే చాలు, దిగడం దానంతటదే జరిగిపోతుంది. 2007 నాటి ‘స్కేట్’ మరో అడుగు వేసింది. బొటనవేలి కింది స్టిక్కును వెనక్కి లాగి పైకి విదిలిస్తే ఓలీ, పక్కకు విదిలిస్తే ఇంకొకటి. కాలి కదలికకు వేలి కదలికను జత చేసిన తీరు నిజంగా గొప్పది. అయినా ఆ తెలివంతా లేవడానికే ఖర్చయింది.

ఓలీఓలీ మూలరూపాన్ని రోల్7 స్థాపకుల్లో ఒకడైన జాన్ రిబిన్స్ ఫోన్ ఆటగా మొదలుపెట్టాడు. అతనికి స్కేటింగ్ తెలుసు, అది ఆట నిర్మాణంలోనే కనిపిస్తుంది. స్టిక్కును ఒక దిక్కుకు నొక్కి పట్టి వదిలితే స్కేటర్ ఎగిరి ట్రిక్కు చేస్తాడు. దిక్కు మారితే ట్రిక్కు మారుతుంది, పావు చుట్టూ అర చుట్టూ తిప్పితే ఇంకా జటిలమైనవి వస్తాయి. ఎగరడానికి బటన్ లేనేలేదు. మారియో కాలంనుంచీ బొటనవేలికి అలవాటైన ఆ బటన్, ఎక్స్, ఇక్కడ దిగడానికి. చెక్క నేలకు జానెడెత్తులో ఉన్నప్పుడు నొక్కాలి. ఒక్క వెంట్రుకవాసి ముందు నొక్కితే ‘ఓకే’, ఇంకాస్త ఆగితే ‘స్వీట్’, చక్రాలు ఆనబోయే ఆ రెప్పపాటులో నొక్కితే ‘పర్ఫెక్ట్’. అసలు నొక్కకపోతే స్కేటర్ తూలుతాడు, తెరమీద ‘స్లాపీ’ అని పడుతుంది, అప్పటిదాకా కూడబెట్టిన వేల పాయింట్లు చిల్లరై చేతికొస్తాయి. కొత్తవాడి కష్టమంతా ఈ తలకిందుల లెక్కలోనే. మెట్లు దగ్గరపడగానే వేలు పాత అలవాటు కొద్దీ ఎక్స్ నొక్కుతుంది. ఆ నొక్కుడుకు స్కేటర్ ఎగరడు సరికదా నేలమీద ఇంకో తోపు తోసుకుంటాడు, ఆ వేగంతోనే పోయి మెట్లమీద బోర్లా పడతాడు. వేళ్లకు తెలిసింది మరిపించి, తెలియనిది నేర్పేదాకా ఆట ఊరుకోదు.

మన సంగీత కచేరీలు వినేవారికి ఇది కొత్తగా ఉండదు. మృదంగం మీద ఎంత చిక్కు లెక్క అల్లినా, ముక్తాయింపు సమం మీద పడనప్పుడు ముందు వాయించిందంతా వెలవెలబోతుంది. ఓలీఓలీలో పాయింట్ల లెక్క అచ్చంగా అదే. గాల్లో చేసిన ప్రతి ట్రిక్కూ, కమ్మీ మీద జారిన ప్రతి జారుడూ కాంబోలో చేరి గుణకాన్ని పెంచుతాయి, కానీ అవి ఇంకా మీవి కావు. నేల తాకినప్పుడే మొత్తం ఖాతాలో పడుతుంది. కాబట్టి గొలుసు ఎంత పొడుగైతే చివరి నొక్కుడు అంత బరువెక్కుతుంది. 2015లో వచ్చిన రెండో భాగం ‘ఓలీఓలీ2’ ఈ సూత్రాన్ని చక్కగా సాగదీసింది. మొదటి ఆటలో నేల తాకడం పూర్ణవిరామం, అక్కడితో కాంబో ముగిసేది. రెండో దానిలో దిగే క్షణానే స్టిక్కును పక్కకు పట్టి ఎక్స్ నొక్కితే రెండు చక్రాల మీద ‘మాన్యువల్’ మొదలవుతుంది, పూర్ణవిరామం కాస్తా కామా అవుతుంది. లెవెల్ ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే వాక్యంగా పలకవచ్చు. మాన్యువల్ అనేది టోనీ హాక్ ఆటల్లో 2000 నుంచే ఉంది, అది రోల్7 సొత్తేం కాదు. అయితే అక్కడ అది రెండు ట్రిక్కుల మధ్య వారధి మాత్రమే, ఇక్కడ ప్రతి కామా దగ్గరా మళ్లీ అదే రెప్పపాటు పరీక్ష.

ఇదంతా అనవసరపు క్రూరత్వం అనేవాళ్లున్నారు. చిన్న తప్పుకు లెవెల్ మొదటికి పంపేయడం, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చోటు లేకపోవడం నిజమే. కానీ లెవెల్ నిడివి ఎంత? చాలావాటికి ఒకటి రెండు నిమిషాలు. పడగానే ఒక్క బటన్‌తో మళ్లీ మొదటి గీత దగ్గర ఉంటారు, ఏడుపు సంగీతం లేదు, నిరీక్షణ లేదు. ఇంకో సంగతి కూడా విమర్శకులు పట్టించుకోరు. స్లాపీగా దిగినా ఆట ఆగదు. స్కోరు మీద ఆశ లేనివాడు తూలుతూ తూలుతూనే లెవెల్ దాటవచ్చు. దాటడం తేలిక, బాగా దాటడం కష్టం. స్కేటింగ్‌లో కూడా స్కెచీకీ బోల్ట్స్‌కీ తేడా ఇంతే. పర్ఫెక్ట్ కానిదంతా పతనమే అనే ‘రాడ్’ పద్ధతి ఒకటుంది, కానీ దాని తలుపు అన్నీ గెలిచినవాళ్లకే తెరుచుకుంటుంది. అడగనివాడి నెత్తిన దాన్ని రుద్దలేదు.

రెండో అభ్యంతరం కాస్త బలమైనది. లెవెళ్లు మారవు, ఏ కమ్మీ ఎక్కడుందో కంఠస్థం చేస్తే చాలు, ఇందులో నైపుణ్యమేముంది అంటారు. కంఠస్థం కావాలి, కాదనను. వీధి స్కేటర్ కూడా ఒకే మెట్ల వరస దగ్గరికి రోజుల తరబడి పోతాడు, ప్రతి పగులూ అతనికి నోటికొస్తుంది. అయినా ఏ రోజు దిగడం ఆ రోజుదే. ఆట ఈ విషయాన్ని ‘డైలీ గ్రైండ్’లో తేటతెల్లం చేసింది. రోజుకొక చిన్న చోటు ఇస్తుంది, ఎన్నిసార్లయినా సాధన చేసుకోనిస్తుంది, లెక్కలోకి వచ్చే ప్రయత్నం మాత్రం ఒక్కటే. యాభైసార్లు తప్పులేకుండా దిగిన చోటే, ఆ ఒక్కసారి వేలు తొందరపడుతుంది. కంఠస్థమే సర్వమైతే ఆ ఒక్కసారికి చెమట పట్టనక్కర్లేదు. చీలమండ బెణుకుతుందన్న భయం లేనిది స్కేటింగ్ ఎలా అవుతుందని అడిగేవారికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది స్కేటింగ్ కాదు. దానిలోని సరైన క్షణాన్ని పట్టే నేర్పును మాత్రమే విడదీసి చేతికిచ్చిన వస్తువు, 2015లో బ్రిటన్ అకాడమీ బాఫ్టా వాళ్లు దానికి క్రీడా విభాగం బహుమతి ఇచ్చినంత మాత్రాన సంగతి మారదు.

నా వాదనకు అసలు చిక్కు రోల్7 నుంచే వచ్చింది. 2022లో వాళ్లే తెచ్చిన ‘ఓలీఓలీ వరల్డ్’ రంగురంగుల బొమ్మల లోకం, మధ్యమధ్య ఆగి తిరిగి మొదలుపెట్టే చోట్లు, కొత్తవాళ్లను చెయ్యి పట్టి నడిపించే పాఠాలు అన్నీ ఇచ్చింది. దిగడానికి బటన్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. నొక్కితే అదనపు పాయింట్లు, నొక్కకపోతే నష్టమేమీ లేదు. దాంతో మరెందరో ఆటలోకి వచ్చారు, గోడల మీద పరుగులూ దారులు మార్చుకోవడమూ దాన్ని విశాలం చేశాయి. మూడింటిలో చూడముచ్చటైనది అదే, ఒప్పుకుంటాను. ఆ స్టూడియో 2024లో మూతపడింది కాబట్టి, వాళ్లు ఆ షరతును మళ్లీ ఎప్పటికైనా తెచ్చేవారా అన్నది ఇక తేలదు. ఒక ప్రయోగం మాత్రం ఎవరైనా చేసి చూడవచ్చు. వరల్డ్‌లో ఓ పెద్ద గెంతు గెంతి, చెక్క కిందికి వస్తుండగా వేలు ఎత్తేసి ఊరికే చూడండి. స్కేటర్ చక్కగా దిగి సాగిపోతాడు. మొదటి ఆటలో అదే ఎత్తునుంచి అలా చేస్తే అతను మోకాళ్లు తడబడి, చేతులు ఊపుకుంటూ, ‘స్లాపీ’ అన్న అక్షరాల కింద నాలుగడుగులు తూలి, ఎలాగో నిలదొక్కుకుంటాడు.