‘సర్దిచెప్పి పంపించాం’

బడిలో ఏదైనా జరిగితే దానికి మొదట పేరు పెట్టేది పోలీసులు కాదు, కోర్టు కాదు. హెచ్ఎం గది. అక్కడ ఏ మాట రాస్తే విషయం ఆ మాట వెంటే నడుస్తుంది. వాతలు తేలేలా కొట్టడం ‘క్రమశిక్షణ’ అవుతుంది. కులం పేరుతో తిట్టడం ‘పిల్లల మధ్య మాటామాటా’ అవుతుంది. ఆడపిల్ల మీద చెయ్యి వేయడం ‘అపార్థం’ అవుతుంది. హాస్టల్లో భయపడి గోడ దూకి వెళ్లిపోయిన పిల్లవాడికి ‘ఇంటిబెంగ’ అని రాస్తారు. అన్నిటికీ చివర ఒకే వాక్యం ఉంటుంది: తల్లిదండ్రులను పిలిపించి సర్దిచెప్పి పంపించాం. కథల మీద, కవితల మీద విమర్శ రాస్తారు. మా పిల్లల బతుకును తిప్పేసే ఈ వాక్యం మీద కూడా ఎవరో ఒకరు రాయాలి.

మేము పాఠాలు చెప్పేది అమరావతి మండలంలో. రాజధాని అమరావతి కాదు, అమరేశ్వరుడి గుడి, స్తూపం ఉన్న పాత అమరావతి. పల్నాడు జిల్లా. మా బడులకు వచ్చే ఎస్టీ పిల్లల్లో యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు ఉన్నారు. తండ్రి కృష్ణలో వలకు పోతాడు, తల్లి మిరప కోతకు పోతుంది. ఆ తల్లిని బడికి పిలిపిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. కుర్చీ చూపించేవాళ్లు తక్కువ. ఊరి పెద్ద ఒకరు అప్పటికే లోపల కూర్చుని ఉంటాడు. పది నిమిషాల్లో కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ‘సర్దిచెప్పి’ అన్న మాటలో ఎవరు ఎవరికి సర్దారో ఉండదు. కొట్టినవాడి పేరు ఉండదు, దెబ్బ ఎక్కడ తగిలిందో ఉండదు. తెలుగులో కర్త లేకుండా వాక్యం రాయొచ్చని పిల్లలకు మేమే చెప్తాం. ఆ వెసులుబాటును ఇంత బాగా వాడుకున్నది బడి రిజిస్టరే.

ఒక్క మాటకు మాత్రం బడికి మెత్తటి పేరు దొరకదు. అది దొంగతనం. సెల్‌ఫోన్ కనిపించకపోతే, డబ్బు లెక్క తగ్గితే, మొదట తెరిచేది మా పిల్లల సంచులు. వెతికి ఏమీ దొరక్కపోయినా ఆ సాయంత్రానికి ఊళ్లో పేరు పడిపోతుంది. అప్పుడు సర్దిచెప్పడం ఉండదు, స్టేషన్‌కు ఫోన్ వెళ్తుంది. నిజానికి చట్టం ఇక్కడే ఆగమంటోంది. పెద్దవాళ్లకైతే ఏడేళ్లో అంతకు మించో శిక్ష పడే నేరం అయితే తప్ప, లేదా పెద్దవాళ్లతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటే తప్ప, పిల్లల మీద ఎఫ్ఐఆర్ వేయకూడదని 2016 జువెనైల్ జస్టిస్ నమూనా నియమాలు చెప్తున్నాయి. మామూలు దొంగతనానికి పెద్దవాళ్లకే శిక్ష మూడేళ్లు దాటదు. మెత్తగా చూడమని చట్టం చెప్పినచోట బడి గట్టిగా ఉంటోంది. గట్టిగా ఉండమన్నచోట మెత్తబడుతోంది.

ఎందుకిలా అంటే మా పేర్లు రిజిస్టర్లోకి ఎక్కిన చరిత్ర వేరు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేసి, వేలిముద్రలు తీసుకున్నారు. ఏ నేరమూ చేయకముందే నేరస్థుడిగా నమోదు. ఆ చట్టం దేశమంతటా 1952లో పోయింది. చూపు పోలేదు. జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరులో. అంత ఆలస్యంగానైనా జైలు రిజిస్టరును చదివినవాళ్లు ఉన్నారు. బడి రిజిస్టరును అలా ఎవరు చదివారు?

సర్దిచెప్పే అధికారం హెచ్ఎంకు ఏ చట్టం ఇచ్చిందో చూద్దాం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని చెప్పకుండా దాచిన సంస్థ పెద్దకు 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ వేయడానికి పోలీసులకే ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్తోంది. పోలీసులకు లేని ఆ విచారణ బడి వరండాలో జరుగుతోంది.

ఇది చిన్న బడులకే ఉన్న జబ్బు అనుకోకూడదు. 2015 జూలైలో మాకు దగ్గర్లోనే, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్ ఫిర్యాదు వచ్చాక చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినట్టే లెక్కించాలని చెప్పే రాష్ట్ర చట్టం 1997 నుంచే ఉంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుతున్న లంబాడీ వైద్యురాలు చనిపోయినప్పుడు, అది ర్యాగింగా కాదా అన్నదే మొదటి వాదన అయింది. పోలీసులు ర్యాగింగ్ చట్టంతో పాటు అత్యాచారాల నిరోధక చట్టాన్నీ పెట్టారు. అదే ఏడాది జూలైలో ఏలూరు జిల్లా పులిరామన్నగూడెం ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి కొండరెడ్డి బాలుడు హత్యకు గురయ్యాడు. ప్రాణం పోతే తప్ప ‘నేరం’ అన్న మాట గేటు దాటి బయటికి రాదా?

అమెరికాలో 1986లో లీహై విశ్వవిద్యాలయం హాస్టల్లో జీన్ క్లెరీ అనే అమ్మాయి హత్య జరిగింది. తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకునే కాలేజీలన్నీ ఏటా అక్టోబరు 1 లోగా క్యాంపస్ నేరాల లెక్క బయటపెట్టాలి. ఏది ఏ నేరం కిందికి వస్తుందో నిర్వచనాలు ముందే ఇచ్చారు, కాలేజీ తనకు నచ్చిన పేరు పెట్టుకోవడానికి లేదు. అక్కడా దాచేవాళ్లున్నారు. 2024లో లిబర్టీ విశ్వవిద్యాలయానికి 1.4 కోట్ల డాలర్ల జరిమానా పడింది. మనకు అలాంటి చట్టమే లేదు.

హెచ్ఎంల బాధ మాకు తెలుసు. బడి పేరు పోతే పిల్లలు ప్రైవేటుకు పోతారు, పిల్లలు తగ్గితే పోస్టులు పోతాయి. నిజం రాసిన బడి చెడ్డదిగా, రాయని బడి మంచిదిగా కనిపించే లెక్కలో నిజం రాయమంటే ఎవరు రాస్తారు? ఆ భయం తీర్చాల్సింది పై అధికారులు. కానీ ఆ భయానికి ఖర్చు యానాది తల్లి కూలిలోంచి, సుగాలి పిల్ల చదువులోంచి తీయడం కుదరదు.

మా పిల్లల మీద ఇంకా ఎక్కువ మంది పోలీసులను పెట్టమని మేము అడగడం లేదు. పిల్ల చెప్పింది చెప్పినట్టు, లంబాడీలో చెప్తే లంబాడీలో, ఎరుకల మాటలో చెప్తే ఎరుకల మాటలో తెలుగు లిపిలోనే రాయాలి. హెచ్ఎం అభిప్రాయం కింద వేరుగా రాసుకోవచ్చు. వేలిముద్ర వేయించుకునే ముందు ఆ కాగితం తల్లికి పైకి చదివి వినిపించాలి. ఆమె చేతికి ఒక నకలు ఇవ్వాలి, దాని మీద తేదీ, సంతకం ఉండాలి. మండలంలో మేము ఎస్టీ టీచర్లం ఎంతమందిమి ఉన్నామో అంతమందిమి కలిసి ఎంఈఓ గారికి ఇవ్వబోయే అర్జీలో మొదటి అంశం ఆ నకలే.